తిన్న సాల్వెంట్ ఒంటబడుతుందా?

హైదరాబాద్ చుట్టుపక్కల బల్క్ డ్రగ్ ఫ్యాక్టరీల్లో డైక్లోరోమీథేన్‌ను పూర్తి పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. అందరి నోటా అది ఎండీసీ. అలాగే ఇథిలీన్ డైక్లోరైడ్ ఈడీసీ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఐపీఏ. రియాక్టర్‌లో తయారైన మందును కరిగించాలన్నా, విడదీయాలన్నా, కడిగి శుభ్రం చేయాలన్నా ఈ సాల్వెంట్లు లేనిదే పని జరగదు. వాడినదాన్ని వీలైనంత మళ్లీ పట్టుకుంటారు. చిక్కనిదాంట్లో కొంత గాల్లో కలుస్తుంది, కొంత మురుగునీటితో పాటు ఈటీపీకి, అంటే ఫ్యాక్టరీ మురుగుశుద్ధి కేంద్రానికి వస్తుంది. సాల్వెంట్‌ను ఆవిరిగా వేరుచేసే స్ట్రిప్పర్, ఎంఈఈ (మల్టిపుల్ ఎఫెక్ట్ ఎవాపరేటర్) దాటి ఇంకా మిగిలిందేమైనా ఉంటే అది గాలి ఊదే ఏరేషన్ ట్యాంకులో పడుతుంది. ట్యాంకులో గోధుమరంగులో సుడులు తిరిగే స్లడ్జ్‌లో ఉండేది కోటానుకోట్ల బ్యాక్టీరియా. వచ్చిన సేంద్రియ పదార్థాన్ని తిని, పెరిగి, నీటిని తేర్చడం వాటి పని.

మరి ఆ బ్యాక్టీరియాకు ఎండీసీ తిండా, విషమా?

ల్యాబ్ రిపోర్టులో ఎండీసీ అంకె తగ్గగానే బ్యాక్టీరియా తినేశాయని సంతోషించడానికి లేదు. ఎండీసీ మరిగేది సుమారు 40 డిగ్రీల దగ్గర. తెలంగాణలో మే నెల మధ్యాహ్నపు ఎండ అంతకన్నా ఎక్కువే ఉంటుంది. అలాంటి ద్రవం ఉన్న నీటిలోకి అడుగునుంచి గాలి ఊదితే చాలా భాగం పైకి ఎగిరిపోతుంది. నీరు శుభ్రపడినట్టు కాగితం మీద కనిపిస్తుంది, విషం మాత్రం ఊరి గాల్లోకి చేరుతుంది. ఒకవేళ బ్యాక్టీరియా నిజంగానే విరగ్గొట్టినా, దానివల్ల అవి పెరిగాయా, నీరసించాయా, చచ్చాయా అన్నది వేరే లెక్క. తిన్నదల్లా ఒంటబట్టదు. ఈ తేడా తేల్చడానికే పరిశోధకులు దశాబ్దాలు వెచ్చించారు.

ముందు మోతాదు సంగతి. తిండి పెరిగేకొద్దీ బ్యాక్టీరియా ఎంత వేగంగా పెరుగుతుందో ఫ్రెంచి శాస్త్రవేత్త జాక్ మోనో 1940ల్లో ఒక సమీకరణంలో చెప్పాడు. గ్లూకోజు లాంటి తిండికి అది చక్కగా సరిపోతుంది. వేగం పెరిగి పెరిగి ఒక గరిష్ఠ స్థాయి దగ్గర నిలుస్తుంది. ఫినాల్, టొలీన్ లాంటివి అలా కుదరవు. కొద్దిగా ఉంటే తిండి, ఇంకాస్త పెరిగితే మంచి తిండి, ఒక హద్దు దాటితే అదే విషం. ఎంజైముల అధ్యయనంలో హాల్డేన్ వాడిన సూత్రాన్ని తీసుకుని జాన్ ఆండ్రూస్ 1968లో దీనికి గణితరూపం ఇచ్చాడు. ఆ గీత కొండలా ఎక్కి దిగుతుంది.

ఈ కొండ ఆకారమే ఈటీపీ ఆపరేటర్ల నిద్ర చెడగొడుతుంది. సాల్వెంట్ గాఢత శిఖరానికి ఇవతల ఉన్నంతసేపు ఏ పొరపాటునైనా ట్యాంకు తనంతట తానే సర్దుకుంటుంది. కాస్త ఎక్కువ వచ్చిందా, బ్యాక్టీరియా వేగం పెంచి తినేస్తాయి. శిఖరం దాటిందంటే కథ తిరగబడుతుంది. గాఢత పెరిగినకొద్దీ పెరుగుదల తగ్గుతుంది, పెరుగుదల తగ్గినకొద్దీ తినడం తగ్గుతుంది, తినడం తగ్గేసరికి గాఢత ఇంకా పెరుగుతుంది. చివరికి స్లడ్జ్ నీటితో పాటే కొట్టుకుపోతుంది. ప్లాంట్లలో షాక్ లోడ్ అని భయపడేది దీనికే. ముందు ఈక్వలైజేషన్ ట్యాంకు పెట్టి వచ్చే నీటి హెచ్చుతగ్గులను సమం చేయడం వెనకున్న తర్కమూ ఇదే. ఒక షిఫ్టులో డ్రమ్ము ఒలికితే, దాని ఫలితాన్ని తర్వాతి వారాలు భరించాల్సి వస్తుంది.

హద్దు దాటితే ఎందుకు చంపుతుంది? చాలా సాల్వెంట్ల విషయంలో జవాబు కణం పైపొరలో ఉంది. ఆ పొర కొవ్వుతో చేసినది, సాల్వెంట్లకు కొవ్వంటే ఇష్టం. ఒక పదార్థం నీటికన్నా నూనెలాంటి ద్రవంలో ఎంత ఎక్కువ చేరుతుందో చెప్పడానికి లాగ్ పి అనే కొలత ఉంది. అది సుమారు ఒకటిన్నర నుంచి నాలుగు వరకు ఉన్న సాల్వెంట్లు బ్యాక్టీరియాకు చాలా ప్రమాదకరం. టొలీన్ విలువ 2.7 ప్రాంతంలో ఉంది. అంతకన్నా చాలా ఎక్కువైతే ఆ పదార్థం నీటిలోనే సరిగా కరగదు, కాబట్టి కణం దాకా పెద్దగా చేరదు. టొలీన్ మాత్రం నీటిలో కావలసినంత కరిగి, వెళ్లి పొరలో కూర్చుంటుంది. పొర వదులవుతుంది, ప్రోటాన్లు లోపలికి కారిపోతాయి, శక్తి తయారీ దెబ్బతింటుంది.

అయినా బతికేవి ఉన్నాయి. 1989లో జపాన్‌కు చెందిన ఇనోయె, హొరికోషి ఒక సూడోమోనాస్ పుటీడా రకాన్ని నేచర్ పత్రికలో పరిచయం చేశారు. సగానికి సగం టొలీన్ పోసిన మాధ్యమంలో అది పెరిగింది. అసలు విశేషం, అది టొలీన్‌ను తినదు! పక్కనున్న మామూలు తిండి తింటూ, విషం మధ్యలో బతికేసింది. తర్వాత స్పెయిన్‌లోని గ్రనాడాలో హువాన్ లూయిస్ రామోస్ బృందం డాట్-టీ1ఈ అనే మరో పుటీడా రకాన్ని లోతుగా పరిశీలించింది. ఇది టొలీన్‌ను తినగలదు, తట్టుకోగలదు కూడా. తినే శక్తిని జన్యుపరంగా తీసేసినా తట్టుకునే శక్తి అలాగే ఉంది. విషాన్ని విరగ్గొట్టడం ఆత్మరక్షణ కోసమేనన్న సహజమైన ఊహకు ఇది గట్టి దెబ్బ. ఆ కణాన్ని కాపాడేవి వేరే ఏర్పాట్లు. పొరలోని కొవ్వు ఆమ్లాల ఆకారాన్ని మార్చి పొరను బిగించడం ఒకటి, లోపలికొచ్చిన టొలీన్‌ను ఎప్పటికప్పుడు బయటికి తోడే మూడు పంపులు మరొకటి. పంపులు ఊరికే తిరగవు. తిండినుంచి వచ్చిన శక్తిలో కొంత వాటికే పోతుంది, ఆ మేరకు పెరుగుదల తగ్గుతుంది.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురాన్ని కమ్మేసిన స్టైరీన్ ఆవిరిని తెలుగువాళ్లు ఇంకా మరచిపోలేదు. అదే స్టైరీన్‌ను తిండిగా చేసుకుని పెరిగే పుటీడా ఎస్12 అనే రకం ఉంది. మనిషి ఊపిరి తీసేది మరో జీవికి కర్బనపు వనరు కావచ్చు. అయితే దానికీ ఇలాంటి పంపులే దిక్కు.

ఈ పంపుల గురించి మన దగ్గర మరింత జాగ్రత్తగా ఆలోచించాలి. డాట్-టీ1ఈలోని ఒక పంపు టొలీన్‌తో పాటు టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్, యాంపిసిలిన్‌లను కూడా తోడేస్తుంది. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించి జోకిమ్ లార్సన్ నాయకత్వంలోని స్వీడన్ బృందం 2007లో ప్రచురించిన ఫలితాలు ప్రపంచమంతా చర్చకొచ్చాయి. అప్పట్లో సుమారు 90 మందుల కంపెనీల మురుగునీరు చేరే ఆ కేంద్రంలో, శుద్ధి చేశాక కూడా సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. సాల్వెంట్లూ యాంటీబయాటిక్‌లూ ఒకే నీటిలో కలిసే చోట, ఒక విషానికి సిద్ధపడ్డ కణం రెండోదానికీ కొంత సిద్ధపడి ఉంటుంది. ప్రయోగశాలలో ఒక్కో సాల్వెంట్‌నూ విడిగా పెట్టి గీసిన పెరుగుదల గీతలు ఇలాంటి ట్యాంకుల్లో తప్పుడు ధైర్యాన్నిస్తాయి.

పొర దెబ్బతినడం ఒక కష్టం. విరగ్గొట్టాక లోపల పుట్టేవాటితో వచ్చే కష్టం మరొకటి. దాన్ని ఎండీసీ చూపించినంత స్పష్టంగా ఇంకే సాల్వెంటూ చూపించదు.

జూరిక్‌లోని ఈటీహెచ్‌లో థామస్ లైసింగర్ బృందం ఎండీసీ ఒక్కదాన్నే తిండిగా చేసుకుని పెరిగే బ్యాక్టీరియాను వేరుచేసింది. వాటిలో ప్రసిద్ధమైనది డీఎం4. ఇది మిథైలోరూబ్రమ్ ఎక్స్‌టార్క్వెన్స్ జాతిది, గులాబీ రంగులో ఉంటుంది. దాని బంధువులు ఆకుల మీదా మట్టిలోనూ ఎక్కడపడితే అక్కడ ఉంటాయి, మిథనాల్ తిని బతుకుతాయి. డీఎం4కి అదనంగా ఉన్నది డీసీఎంఏ అనే జన్యువు. ఆ జన్యువు ఇచ్చే ఎంజైము ఎండీసీ అణువునుంచి రెండు క్లోరిన్లను ఊడదీస్తుంది. మిగిలేది ఫార్మాల్డిహైడ్. మిథనాల్ తినే జీవికి ఫార్మాల్డిహైడ్‌ను వాడుకోవడం వెన్నతో పెట్టిన విద్య. కాగితం మీద అంతా సులువే: ఒక ఎంజైము, ఒక మెట్టు, చేతికి తిండి.

కణం లోపల మాత్రం ఆ ఒక్క మెట్టుకు కట్టే మూల్యం చాలా ఉంది. ఎంజైము నెమ్మది రకం. అందుకని కణం దాన్ని విపరీతంగా తయారుచేయాలి, ఒక్కోసారి కరిగే ప్రోటీన్ మొత్తంలో 15 నుంచి 20 శాతం అదొక్కటే. పెరగడానికి వాడుకోవాల్సిన ముడిసరుకు ఇక్కడే ఖర్చయిపోతుంది. తర్వాత, ఎండీసీ కణంలోని గ్లూటాతయోన్ అనే చిన్న అణువుతో కలిసినప్పుడు మధ్యలో క్షణకాలం పుట్టే పదార్థం చాలా చురుకైనది, అది డీఎన్‌ఏకు అతుక్కుని పాడుచేస్తుంది. డీఎన్‌ఏ మరమ్మతులో పాలుపంచుకునే పాలిమరేజ్-1ను పోగొట్టుకున్న డీఎం4 మ్యుటెంట్లు మిథనాల్ మీద పెరిగాయి కానీ ఎండీసీ మీద పెరగలేకపోయాయి. అంటే రోజువారీ భోజనమే రోజూ జన్యువులను చించుతోంది, ఆ చిరుగులు కుట్టుకోగలిగినదే బతుకుతోంది. ఇదే కుటుంబానికి చెందిన ఎంజైము మనిషి కాలేయంలోనూ ఉంది. ఎండీసీ పీల్చిన ఎలుకల కాలేయంలో, ఊపిరితిత్తుల్లో కణితులు వచ్చినప్పుడు శాస్త్రవేత్తల అనుమానం మొదట వెళ్లింది ఈ దారివైపే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎండీసీని క్యాన్సర్ కలిగించే అవకాశం బలంగా ఉన్న 2ఏ వర్గంలో పెట్టింది.

ఇక ఊడిన క్లోరిన్ల మాట. ఒక్క కర్బన పరమాణువు చేతికొచ్చేసరికి రెండు క్లోరైడ్ అయాన్లు, రెండు ప్రోటాన్లు కణంలో పోగవుతాయి. బయట ఉప్పునీటిని తట్టుకోవడం ఒక రకం, కణం నడిమధ్యలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం పుట్టడం మరో రకం. చాలాకాలం దీన్ని చిన్న విషయంగానే చూశారు. డీఎన్‌ఏ దెబ్బ ముందు ఉప్పు గోల ఎవరికి పడుతుంది?

ఆ చిన్నచూపు ఎంత తప్పో 2014లో తేలింది. జాషువా మిచెనర్, క్రిస్టఫర్ మార్క్స్, ఫ్రాన్స్‌కు చెందిన స్టెఫాన్ వుయెమియే తదితరులు డీసీఎంఏ జన్యువును, ఎండీసీ ముఖం ఎరగని మిథైలోబ్యాక్టీరియం రకాల్లో ప్రవేశపెట్టారు. అవన్నీ మిథనాల్ తినేవే, ఫార్మాల్డిహైడ్‌ను వాడుకోవడం తెలిసినవే. జన్యువు పనిచేసింది, ఎండీసీ విరిగింది. పెరుగుదల మాత్రం ఒక్కోదానిలో ఒక్కోలా, చాలావాటిలో అంతంతమాత్రంగా ఉంది. డీఎం4కి దగ్గరి బంధువులు బాగా పెరుగుతాయి, దూరపువి పెరగవు అనుకుంటే ఆ ఊహా తప్పింది. బంధుత్వాన్ని బట్టి ఏదీ చెప్పలేకపోయారు.

అప్పుడు వాటిని ఎండీసీ మీదే తరాల తరబడి పెంచారు. నెమ్మదిగా పెరిగేవి కొన్ని తరాలకు వేగం అందుకున్నాయి. వాటి జన్యుపటాలు చదివితే మార్పులు వేర్వేరు చోట్ల కనిపించాయి కానీ, వాటి ధోరణి ఒకటే: క్లోరైడ్‌ను కణంనుంచి బయటికి పంపే శక్తి పెరిగింది. అదే తరహా మార్పులు, ఎవరూ ప్రయోగం చేయని చోట, ప్రకృతిలో దొరికిన, ఎండీసీ తినే రెండు రకాల్లో విడివిడిగా వచ్చి ఉన్నాయని కూడా గుర్తించారు. చివరికి డీసీఎంఏతో పాటు క్లోరైడ్ పంపు జన్యువును కూడా ఒకే మూటగా కట్టి కొత్త రకాలకు ఇచ్చారు. ఈసారి తరాల తరబడి ఆగాల్సిన అవసరం లేకపోయింది, రకరకాల మిథైలోబ్యాక్టీరియాలు వెంటనే ఎండీసీని సమర్థంగా వాడుకున్నాయి.

ఈ రంగంలో ఇంత ముచ్చటైన ప్రయోగం అరుదు. దీన్ని చదివాక, విషం తినే జన్యువు దొరికింది కాబట్టి కాలుష్యం సమస్య తీరిపోయినట్టే అనే వార్తల మీద నమ్మకం సగానికి పడిపోతుంది. ఆ నమ్మకానికి పాత చరిత్రే ఉంది. ముడిచమురు భాగాలను తినేలా ఆనంద మోహన్ చక్రవర్తి కూర్చిన సూడోమోనాస్‌కు 1980లో అమెరికా సుప్రీంకోర్టు పేటెంట్ హక్కు ఖరారు చేసింది, జీవులకు పేటెంట్ ఇచ్చే చరిత్రలో అదొక మైలురాయి. చమురు తెట్టుల మీద మాత్రం ఆ జీవి ఏనాడూ పనిలోకి దిగలేదు.

ఈడీసీది మరో తరహా ఇబ్బంది. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో డిక్ యాన్సెన్ బృందం 1985లో వెల్లడించిన క్సాంతోబ్యాక్టర్ జీజే10 ఈడీసీని మెట్టుమెట్టుగా విరగ్గొట్టి పెరుగుతుంది. దారి మధ్యలో వచ్చే క్లోరోఅసిటాల్డిహైడ్ ఈడీసీ కన్నా చాలా ఘాటైన విషం. దాన్ని మరుక్షణమే తర్వాతి మెట్టుకు పంపే ఎంజైము కావలసినంత ఉంటేనే కణం నిలుస్తుంది. మొదటి ఎంజైము చురుకై, రెండోది మందమైతే కణం తన పనివల్లే పోతుంది.

పైవన్నీ ఎంతోకొంత లాభం ఆశించి తినేవి. లాభమే లేకుండా విషాన్ని విరగ్గొట్టేవీ ఉన్నాయి. లోహాల జిడ్డు వదిలించడానికి ప్రపంచమంతా వాడిన ట్రైక్లోరోఇథిలీన్, వాడుకలో టీసీఈ, అమెరికాలో ఎన్నో చోట్ల భూగర్భజలాల్లోకి దిగింది. మనిషికి క్యాన్సర్ కలిగిస్తుందని తేలిన పదార్థం అది. సహజవాయువు పంపిన మట్టిలో టీసీఈ విరుగుతోందని 1985లో విల్సన్‌లిద్దరు చూపించారు. పని చేసింది మీథేన్ తినే బ్యాక్టీరియా. మీథేన్‌ను ఆక్సీకరించే వాటి ఎంజైముకు ఎంపిక తక్కువ, ఎదురొచ్చిన టీసీఈని కూడా పట్టుకుంటుంది. దాంతో ఒక ఎపాక్సైడ్ పుడుతుంది. కర్బనం దక్కదు, శక్తి దక్కదు, పైగా చేతిలో ఉన్న శక్తి ఖర్చవుతుంది. ఆ పైన ఎపాక్సైడ్ తదితర చురుకైన పదార్థాలు ఎంజైమునీ కణాన్నీ దెబ్బకొడతాయి. అందుకే లీసా ఆల్వరెజ్-కోహెన్, పెర్రీ మెకార్టీ ఒక కొలత తెచ్చారు: ఒక గ్రాము బ్యాక్టీరియా తాము చచ్చేలోపు ఎంత టీసీఈని విరగ్గొట్టగలవు? ఇలాంటి ప్రశ్న పుట్టిందంటేనే ఇక్కడి వ్యవహారం అర్థమైపోతుంది. రెండింటినీ పట్టుకునే ఎంజైము ఒక్కటే కాబట్టి, మీథేన్ ఎక్కువ పెడితే అది దానితోనే తీరిక లేకుండా ఉంటుంది, తక్కువ పెడితే కొత్త కణాలు పుట్టవు. దక్షిణ కరోలినాలోని సవన్నా రివర్ అణుకేంద్రంలో 1990ల తొలినాళ్లలో భూమికి సమాంతరంగా వేసిన బావుల గుండా గాలినీ మీథేన్‌నూ పంపినప్పుడు, మీథేన్‌ను విడతలు విడతలుగా ఇచ్చిన కారణం ఇదే.

గాలి తగలని లోతుల్లో లెక్క మళ్లీ మారుతుంది. అక్కడ కొన్ని జీవులు టీసీఈని తినవు, ఊపిరిగా వాడుకుంటాయి. మనం ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్లు అప్పగించినట్టు, అవి హైడ్రోజన్ ఎలక్ట్రాన్లను క్లోరినేటెడ్ సాల్వెంట్‌కు అప్పగిస్తాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకా మురుగుశుద్ధి కేంద్రం బురద నుంచి కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన జేవియర్ మైమో-గాటెల్, స్టీఫెన్ జిండర్, జేమ్స్ గాసెట్ తదితరులు వేరుచేసిన అలాంటి జీవి 1997లో సైన్స్ పత్రికకెక్కింది. డ్రైక్లీనింగ్ దుకాణాల్లో వాడే టెట్రాక్లోరోఇథిలీన్ (పీసీఈ) నుంచి మొదలుపెట్టి, నాలుగు క్లోరిన్లనూ ఒక్కొక్కటిగా ఊడదీసి, అది ఇథిలీన్ దాకా తీసుకెళ్లింది. తర్వాత ఆ జాతికి మెకార్టీ పేరు మీదుగా డీహాలోకాకాయిడీస్ మెకార్టీ అని పేరు పెట్టారు.

దీని జీవితం విడ్డూరం. కణం చుట్టూ మామూలు బ్యాక్టీరియాకుండే గోడ లేదు, అందుకని పెన్సిలిన్ తరగతి మందులు దాన్ని ఏమీ చేయలేవు. జన్యుపటం చాలా చిన్నది, 15 లక్షల అక్షరాలకన్నా తక్కువ. అందులోనే క్లోరిన్ ఊడదీసే ఎంజైముల జన్యువులు గుంపులుగా ఉన్నాయి. చక్కెర పెట్టినా, ఆక్సిజన్ ఇచ్చినా దానికి అక్కర్లేదు, ఆక్సిజన్ తగిలితే పాడైపోతుంది కూడా. హైడ్రోజన్, అసిటేట్, పక్క బ్యాక్టీరియా తయారుచేసే బీ12 విటమిన్, ఊపిరికి క్లోరినేటెడ్ పదార్థం ఉంటే చాలు. అవి లేకపోతే పెరుగుదల సున్నా. ఒక మైక్రోమోల్ క్లోరైడ్, అంటే 35 మైక్రోగ్రాములు ఊడితే సుమారు పది కోట్ల కొత్త కణాలు పుడతాయని ఒక మోటు అంచనా. వినడానికి పెద్దసంఖ్యే అయినా కణాలు అతి చిన్నవి, రెట్టింపు కావడానికి సాధారణంగా ఒకటి రెండు రోజులు తీసుకుంటాయి. శుద్ధి ఎంత జరిగిందో అంతే పెరుగుదల. ఇక్కడ రెండూ విడదీయలేనివి.

అందుకే చిక్కూ ఇక్కడే ఉంది. ఇథాకా రకం పీసీఈ నుంచి వినైల్ క్లోరైడ్ దాకా వచ్చే మెట్లతో పెరుగుతుంది. వినైల్ క్లోరైడ్‌ను ఇథిలీన్‌గా మార్చే చివరి మెట్టు దాని పెరుగుదలకు తోడ్పడదు, ఆ పని నత్తనడకన సాగుతుంది. వినైల్ క్లోరైడ్ మొదటి విషం కన్నా ఘాటైన విషం. అమెరికా తాగునీటి హద్దు టీసీఈకి లీటరుకు 5 మైక్రోగ్రాములైతే దీనికి 2 మాత్రమే. బ్యాక్టీరియాకు లాభం ఎక్కడ ఆగితే శుద్ధి అక్కడే చతికిలబడుతుంది. వినైల్ క్లోరైడ్‌తోనే పెరిగే బీఏవీ1 అనే రకాన్ని మిషిగన్‌లోని ఒక కలుషిత స్థలం నుంచి తెచ్చి జియాన్‌జోంగ్ హే, ఫ్రాంక్ లోఫ్లర్ తదితరులు 2003లో నేచర్‌లో ప్రకటించినప్పుడు ఆ రంగమంతా ఊపిరి పీల్చుకుంది. బీఏవీ1 మాత్రం పీసీఈ, టీసీఈలతో పెరగదు. ఒకరు ఆపిన చోట మరొకరు అందుకోవాలి. టెక్సస్‌లోని కెల్లీ వైమానిక స్థావరంలో పీసీఈ విరగడం మధ్యలో డైక్లోరోఇథిలీన్ దగ్గర నిలిచిపోయింది. కెనడాలో పెంచిన కేబీ-1 అనే మిశ్రమ బ్యాక్టీరియాను భూమిలోకి పంపాక, సుమారు 200 రోజుల్లో ఇథిలీన్ దాకా వెళ్లింది. ఆ బ్యాక్టీరియా వేయని పక్క ప్లాట్లలో నిలిచిన చోటే నిలిచి ఉంది.

విషం పొరుగువాణ్ని చంపడం వల్ల లాభపడే సందర్భమూ ఉంది. భూగర్భంలో హైడ్రోజన్ కోసం మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులు పోటీకొస్తాయి. పీసీఈ పోగుపడిన మూలం దగ్గర గాఢత అధికంగా ఉంటే ఆ పోటీదార్లు కుదేలవుతాయని, తట్టుకున్న డీక్లోరినేటర్లకు హైడ్రోజన్ దక్కుతుందని యాంగ్, మెకార్టీ 2000లో చూపారు. అయితే క్లోరోఫామ్ కలిస్తే ఈ లెక్క చెడుతుంది, అది డీహాలోకాకాయిడీస్‌నూ అడ్డుకుంటుంది. ముందు క్లోరోఫామ్‌నే ఊపిరిగా పీల్చే డీహాలోబ్యాక్టర్ లాంటివి దారి సుగమం చేయాలి. ఊడిన క్లోరిన్ ఆమ్లమై నీటి పీహెచ్ 6 కన్నా దిగితే మొత్తం పని ఆగిపోతుంది, అందుకని సోడా కలిపి సరిచేస్తారు.

ఇంత తెలిశాక, కలుషిత స్థలంలో ఏం కొలవాలన్న పద్ధతి కూడా మారింది. మొదట్లో నీటిలో డీహాలోకాకాయిడీస్ ఎన్ని ఉన్నాయో దాని రైబోసోమ్ జన్యువును బట్టి లెక్కపెట్టేవారు. లీటరుకు కోటి ప్రతులు దాటితే శుద్ధి చురుగ్గా సాగుతుందని ఆ పనిలో ఉన్నవాళ్లు అంచనా వేసుకుంటారు. అయితే ఇథాకా రకానికీ బీఏవీ1కీ ఆ జన్యువు దాదాపు ఒకేలా ఉంటుంది. ఒకటి వినైల్ క్లోరైడ్ దగ్గర ఆగేది, మరొకటి దానితోనే పెరిగేది. కాబట్టి ఇప్పుడు వినైల్ క్లోరైడ్‌ను పీల్చడానికి పనికొచ్చే వీసీఆర్ఏ, బీవీసీఏ జన్యువులను విడిగా లెక్కిస్తారు. మొత్తం సంఖ్య కోట్లలో ఉండి ఈ రెండూ కనిపించకపోతే, ఆ బావినీటిలో వినైల్ క్లోరైడ్ పోగుపడే ప్రమాదం ఉందని ముందే తెలుస్తుంది, కేబీ-1 లాంటి మిశ్రమాన్ని తెచ్చి పోయాలా వద్దా అన్నది అప్పుడు నిర్ణయిస్తారు.